ఇంటిదొంగకు అర్ధాయువు లేదు

విషం ఎంత తాగారో మైక్రోక్యూరీల్లో చెప్పగలిగారు. ఏ తేదీకి, ఏ తేదీకి మధ్య కడుపులోకి వెళ్ళి ఉంటుందో చెప్పగలిగారు. తల్లి ఒంటికి ఎంత, గర్భంలోని పిండానికి ఎంత అని విడివిడిగా పద్దు రాయగలిగారు. ఎవరు పోశారన్న గడి ఒక్కటే ఖాళీగా వదిలేశారు. 1995 వేసవిలో అమెరికాలోని రెండు మహా పరిశోధనాలయాల్లో జరిగిన రేడియోధార్మిక విషప్రయోగాల మీద సాగిన దర్యాప్తుల సారాంశం ఇంతే. ముప్ఫై ఏళ్ళు దాటింది. చుట్టూ ఉన్న అంకెలన్నీ చక్కగా కూడాయి. ఆ గడి మాత్రం ఇంకా ఖాళీ.

మొదటిది మేరీల్యాండ్ రాష్ట్రం బెథెస్డాలోని ఎన్‌ఐహెచ్‌లో జరిగింది. ఎన్‌ఐహెచ్ (అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ) అంటే వైద్య పరిశోధన ఎలా చెయ్యాలో లోకానికి నేర్పే చోటు. అందులో జాతీయ క్యాన్సర్ సంస్థ, 37వ నంబరు భవనం. జూన్ 29న అక్కడ పనిచేసే ఒక పరిశోధకురాలి ఒంట్లో ఫాస్ఫరస్-32 అనే రేడియోధార్మిక పదార్థం ఉందని బయటపడింది. ఆమె అప్పటికి 17 వారాల గర్భిణి. భర్త కూడా అదే ల్యాబ్‌లో పరిశోధకుడు. ఫ్రిజ్‌లో దాచుకున్న భోజనంలో ఎవరో కావాలని కలిపారని ఆ దంపతులు మొత్తుకున్నారు. తర్వాత అదే భవనంలో అందరూ నీళ్ళు పట్టుకునే వాటర్ కూలర్‌లో కూడా అదే పదార్థం తేలింది. పరీక్షలు చేస్తే మరో 26 మంది ఒంట్లో ఎంతో కొంత కనిపించింది.

రెండు నెలలు తిరక్కుండా రెండోది. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్, ఎంఐటీ క్యాన్సర్ పరిశోధన కేంద్రం. ఆగస్టు 19న ఒక యువ పరిశోధకుడు తన ఒంటికి తనే గైగర్ కౌంటర్ పెట్టుకుంటే అది గోల పెట్టింది. ఇక్కడా ఫాస్ఫరస్-32. ఇక్కడా నోటి ద్వారానే. లోపలికి వెళ్ళినది 579 మైక్రోక్యూరీలని లెక్క కట్టారు. ఆ పదార్థంతో పనిచేసేవాళ్ళకు ఏడాదికి నిబంధన గీసిన హద్దు 600.

చూశారా, ఎంత పద్ధతిగల విషప్రయోగమో! హద్దుకు 21 మైక్రోక్యూరీలు ఇవతలే ఆగిపోయింది. ఎవడో ఒకడు, ఎప్పుడో ఒకప్పుడు, ఒక మనిషి తినే తిండిలోనో తాగే నీటిలోనో రేడియోధార్మిక ద్రవం కలిపాడు. అయినా నిబంధనల పుస్తకం ప్రకారం ఆ మనిషికి అందినది అనుమతించిన మోతాదు. సంస్థలకు ప్రాణం లేచివచ్చే మాట ఇది. "మోతాదు పరిమితి లోపలే ఉంది" అన్న వాక్యం పత్రికా ప్రకటనలో ఎక్కాక ఇక మిగిలిన వాక్యాలతో ఎవరికీ పని ఉండదు. ఆ 600 అన్న అంకె తెలిసి తెలిసి, జీతానికి, రక్షణ ఏర్పాట్లతో పనిచేసే మనిషి కోసం పెట్టినది. టిఫిన్ డబ్బా తెరిచినవాడి కోసం పెట్టలేదు. కానీ అంకె అంకే కదా, అది ఏ కాగితం మీదికి తీసుకెళ్ళినా మాట్లాడకుండా కూర్చుంటుంది.

ఇంతకీ ఈ ఫాస్ఫరస్-32 ఎక్కడో భూగర్భంలో, సైనికుల కాపలాలో, సీసపు పెట్టెల్లో ఉండేది అనుకునేరు. అప్పట్లో డీఎన్ఏ మీద పనిచేసే ప్రతి ల్యాబ్‌లోనూ ఇది ఉప్పూ పప్పంత మామూలు సరుకు. డీఎన్ఏ ముక్కకు దీన్ని తగిలిస్తే, అది ఎక్కడుందో ఫిల్ము మీద నల్లటి గీతగా కనిపిస్తుంది. అమెరికాలోనే కాదు, హైదరాబాద్‌లో సీసీఎంబీ ప్రాంగణంలోనే 'జోనకి' అనే కేంద్రం ఉంది. ఫాస్ఫరస్-32 అతికించిన అణువులను తయారుచేసి మన దేశపు ల్యాబ్‌లకు పంపడం దాని పని. అంటే ఈ కథ మనకు పరాయి కథ కాదు. ఆ సీసా మన పిల్లలు చేత్తో పట్టుకున్నదే, యాక్రిలిక్ పలక వెనక నిలబడి పిపెట్‌తో తీసినదే.

అప్పట్లో ఒక సీసాలో మామూలుగా 250 మైక్రోక్యూరీలు వచ్చేవి. గాఢత మిల్లీలీటరుకు 10 మిల్లీక్యూరీలు. అంటే 579 మైక్రోక్యూరీలకు కావలసినది 58 మైక్రోలీటర్లు, దాదాపు ఒక్క చుక్క. రంగు మారిందని గుర్తుపట్టేంత సరుకు కాదు, రుచి తేడా చేసిందని ఉమ్మేసేంత సరుకు కాదు. రెండు మూడు సీసాలు ఫ్రిజ్‌లోంచి తీసి జేబులో వేసుకుంటే చాలు.

మరి ఆ ఫ్రిజ్‌కు కాపలా ఏమిటి? నమ్మకం. శాస్త్రవేత్తలు పెద్దమనుషులు, తాళాలు వేస్తే పరిశోధన కుంటుపడుతుంది, విజ్ఞానం స్వేచ్ఛగా ప్రవహించాలి. వినడానికి ఎంత బాగుంది! మన బ్యాంకుల్లో రెండు రూపాయల పెన్నుకు దారం కట్టి బల్లకు బిగిస్తారు. వడ్డీకి అప్పులిచ్చే గుమాస్తాకు మనిషి స్వభావం మీద ఉన్నపాటి అవగాహన నోబెల్ బహుమతులు పుట్టే ప్రాంగణాలకు లేకపోయింది. చివరికి అమెరికా అణు నియంత్రణ సంఘం రేడియోధార్మిక పదార్థాలను భద్రంగా ఉంచే విషయంలో ఎన్‌ఐహెచ్‌ను తప్పు పట్టింది. మనిషి ఒంట్లోకి విషం వెళ్ళాక తలుపుకు తాళం వెయ్యలేదని చెప్పడం కూడా దర్యాప్తే.

ల్యాబ్‌లలో బోర్డులకు కొరత ఉండదు. ఇక్కడ తినరాదు, తాగరాదు, పెదవులకు రంగు వేసుకోరాదు, పిపెట్‌ను నోటితో పీల్చరాదు. ఈ బోర్డులన్నీ మనిషి తనకు తాను పొరపాటున హాని చేసుకుంటాడని ఊహించి రాసినవి. పక్క బల్ల దగ్గరి మనిషి కావాలని చెయ్యగలడని ఊహించి రాసిన బోర్డు ఒక్కటీ లేదు. ఛాతీ మీద తగిలించుకునే బ్యాడ్జీ సంగతీ అంతే. బయటినుంచి ఒంటి మీద పడే కిరణాలను అది నమోదు చేస్తుంది. నీళ్ళతో కలిసి గొంతు దిగిన ఫాస్ఫరస్-32 ఎముకల్లో చేరి లోపల్లోపలే బీటా కిరణాలు విసురుతుంటే ఆ బ్యాడ్జీ దాదాపు గుడ్డిది. మొత్తం రక్షణ వ్యవస్థ పొరపాటు అనే శత్రువు మీదికే తుపాకీ గురిపెట్టి కూర్చుంది. పగ అనే శత్రువు వెనక తలుపులోంచి వచ్చి, కూలర్ దగ్గర కాసేపు నిలబడి, వెళ్ళిపోయింది.

తర్వాత దర్యాప్తు. ఎవరెవరు రాలేదు! అణు నియంత్రణ సంఘం ప్రత్యేక బృందాలను పంపింది. ఎన్‌ఐహెచ్‌కు ఎఫ్‌బీఐ వచ్చింది. ప్రశ్నలు అడిగారు, మూత్రం పట్టారు, నేల కొలిచారు, గిన్నెలు కొలిచారు. రెండు చోట్లా ఇది ప్రమాదం కాదని, ఎవరో కావాలనే చేసిన పనిలా ఉందని తేల్చారు. చేసినది ఎవరో తేల్చలేకపోయామని కూడా తేల్చారు. తేలకపోవడాన్ని ఇంత శాస్త్రీయంగా తేల్చిన సందర్భాలు అరుదు.

ఎందుకు దొరకలేదంటే సమాధానం మన ముసలమ్మలు ఎప్పుడో చెప్పారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. ఫాస్ఫరస్-32 ఎక్కడ ఉంటుందో తెలిసినవాడు, దాన్ని చేత్తో తాకకుండా తియ్యడం వచ్చినవాడు, ఎవరి డబ్బా ఏ అరలో ఉంటుందో ఎరిగినవాడు ఎవడు? ఆ అంతస్తులో గుర్తింపు కార్డు ఉన్న ప్రతివాడూ. అనుమానితుల జాబితా అడిగితే జీతాల పట్టీ తీసి ఇచ్చేయవచ్చు. ఒక్కొక్కరికీ పీహెచ్‌డీ ఉంది, ప్రచురణలు ఉన్నాయి, గ్రాంటు ఉంది. సిఫారసు లేఖలు రాసేవాడు ఒకడు, రాయించుకునేవాడు ఒకడు. ఇలాంటి చోట నోరు విప్పి "ఫలానా రోజు ఫలానా మనిషిని కూలర్ దగ్గర చూశాను" అని చెప్పడానికి గైగర్ కౌంటర్ కన్నా ఎక్కువ ధైర్యం కావాలి.

దర్యాప్తుకు మొట్టమొదట చేతికి అందే మనిషి మాత్రం ఎప్పుడూ ఉంటాడు. బాధితుడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఇక్కడ మీటరుతో ఒళ్ళు తడుముకున్నవాడి మీదికే ముందు చూపు వెళుతుంది. నీ ఒంట్లో ఉందని నీకెలా తెలిసింది? నువ్వే ఎందుకు కొలుచుకున్నావు? నువ్వే తాగి మా పేరు చెబుతున్నావేమో? అన్ని కోణాలూ చూడాలి కదా అంటారు. చూడాలి, కాదనం. కానీ కోణాలన్నిటిలోకీ ఖర్చు తక్కువ కోణం ఇదే. బాధితుడే దోషి అయితే ల్యాబ్ మంచిది, అధికారులు మంచివాళ్ళు, ఫ్రిజ్ మంచిది, తాళం లేకపోవడమూ మంచిదే. సంస్థ పరువుకు ఇంత అనుకూలమైన నేరస్థుడు మరొకడు దొరకడు: ఫిర్యాదు, నేరం, శిక్ష మూడూ ఒక్కడే అనుభవిస్తాడు.

ఇక కాలం సంగతి. ఫాస్ఫరస్-32 అర్ధాయువు 14.3 రోజులు. అంటే పద్నాలుగు రోజులకోసారి సాక్ష్యం సగం చచ్చిపోతుంది. నూట నలభై మూడు రోజులు గడిస్తే వెయ్యింట ఒక వంతు కూడా మిగలదు. వెయ్యి మైక్రోక్యూరీలు పోశారనుకోండి, అందులో ఉండేవి సుమారు 66 లక్షల కోట్ల పరమాణువులు. రెండేళ్ళు తిరిగేసరికి లెక్క ప్రకారం ఒక్కటీ మిగలదు. ఫైలు మాత్రం చెక్కుచెదరదు. ఈ బల్ల మీది నుంచి ఆ బల్ల మీదికి, ఆ బల్ల మీది నుంచి లాయరు బల్ల మీదికి, అక్కడి నుంచి తిరుగు టపాలో వెనక్కి. 1995లో నేరం జరిగితే 1997 దాకా కాగితాలు నడిచాయి. నేరస్థుడు ఎంచుకున్న ఆయుధం తనను తాను చెరిపేసుకునే రకం. దర్యాప్తు సంస్థలు ఎంచుకున్న వేగం ఆ చెరుపుకు సరిగ్గా సరిపోయే రకం. ఇద్దరూ కలిసి కూర్చుని మాట్లాడుకున్నా ఇంత పొందిక కుదరదు.

ఎన్‌ఐహెచ్ దంపతులు ఊరుకోలేదు. సంస్థ రేడియోధార్మిక పదార్థాల లైసెన్సు ఆపెయ్యమని నియంత్రణ సంఘానికి అర్జీ పెట్టారు. గర్భం తీయించుకోమని పై అధికారి ఒత్తిడి తెచ్చారని ఆరోపించారు. ఆయన అది అబద్ధమన్నారు. ఎవరి మాట నిజమో దూరాన కూర్చున్న మనం చెప్పలేం, చెప్పకూడదు కూడా. లైసెన్సు మాత్రం ఆగలేదు. ఆమె ఒంట్లో ఎంత చేరిందన్న దానిమీద సంస్థ లెక్క ఒకటి, సంఘం లెక్క మరొకటి. సంఘం లెక్కలో ఏడాది హద్దు అయిన 5 రెమ్‌లు (ఒంటికి అందిన రేడియేషన్ మోతాదు కొలత) దాటిపోయాయి. ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా ఆ కేసు గురించి మాట్లాడేవాళ్ళు ఈ రెండు లెక్కల తేడా గురించే గంటల తరబడి మాట్లాడగలరు. ఎవరు అన్న ప్రశ్నకు గ్రాఫు గీయలేరు కదా.

ఆ నిబంధనల పుస్తకంలోనే మరో ఆణిముత్యం ఉంది. గర్భంలోని పిండానికి హద్దు అర రెమ్. పెద్దవాళ్ళకు ఇచ్చిన దాంట్లో పదో వంతు. మంచిదే. అయితే ఆ హద్దు అమల్లోకి రావాలంటే ఆ స్త్రీ తాను గర్భవతినని యజమానికి లిఖితపూర్వకంగా తెలియజెయ్యాలి. స్త్రీ స్వేచ్ఛ కోసం పెట్టిన నియమమని దానికి సమర్థన ఉంది, అందులో న్యాయం కూడా ఉంది. కానీ విషం పోసేవాడి వైపు నుంచి చూడండి. వాడికి దరఖాస్తు అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు, ఎవరికీ తెలియజెయ్యక్కర్లేదు. ప్రాణం కాపాడుకోవాలంటే కాగితం కావాలి. ప్రాణం తీయడానికి ఫ్రిజ్ తలుపు లాగితే చాలు.

ఇంకో సంగతి గమనించాలి. రెండు కేసుల్లోనూ బాధితులు చైనా నుంచి వచ్చిన పరిశోధకులు. పెద్ద ల్యాబ్‌ల బల్లల దగ్గర రాత్రింబవళ్ళు నిలబడేది ఎక్కువగా ఇలా వలసవచ్చినవాళ్ళే. మన గుంటూరు, వరంగల్, తిరుపతి పిల్లలు కూడా ఆ బల్లల దగ్గరే ఉన్నారు. వాళ్ళ వీసా ఉద్యోగం మీద ఆధారపడి ఉంటుంది. ఉద్యోగం ఒక ప్రొఫెసర్ గ్రాంటు మీద ఆధారపడి ఉంటుంది. గ్రాంటు ఆ ప్రొఫెసర్ దయ మీద మన పిల్లకు అందుతుంది. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "వేళకు తింటున్నావామ్మా?" అని అడుగుతుంది. "తింటున్నానమ్మా, ల్యాబ్‌లో ఫ్రిజ్ ఉంది" అంటుంది. ఇంతకన్నా ఎక్కువ చెప్పదు. పక్క బల్లవాడితో మాటల్లేవని చెప్పదు. పేపర్ మీద మొదటి పేరు ఎవరిదన్న గొడవ చెప్పదు. ఒక్క చూపులో కాంట్రాక్టు పోతుందని చెప్పదు. ల్యాబ్‌లో ఎవరికి ఎవరంటే పడదో నమోదు చేసే రిజిస్టర్ ఎక్కడా ఉండదు. ఫాస్ఫరస్ ఖర్చుకు మాత్రం రిజిస్టర్ ఉంటుంది, అది కూడా నెలాఖరున ఒకేసారి రాసేది.

అమెరికావాళ్ళను ఆడిపోసుకుని మనం కాలు మీద కాలు వేసుకోనక్కర్లేదు. 2009 నవంబర్ చివర్లో కర్ణాటకలోని కైగా అణు విద్యుత్ కేంద్రంలో ఉద్యోగుల మూత్ర పరీక్షల్లో ట్రిటియం పెరిగి కనిపించింది. ఒకరూ ఇద్దరూ కాదు, పదులకొద్దీ మందికి. మూలం వెతికితే మళ్ళీ అదే పుణ్యస్థలం, వాటర్ కూలర్! ట్రిటియం కలిసిన భారజలం నమూనాను ఎవరో కావాలనే అందులో పోశారని అణుశక్తి సంఘం అధిపతే దేశానికి చెప్పారు. కైగా ఎక్కడో అనుకోకండి. ఆ రియాక్టర్లకు ఇంధనం చుట్టేది హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయం. ఆ రకం రియాక్టర్లకు కావలసిన భారజలం తయారయ్యేది మన మణుగూరులో కూడా. రియాక్టర్‌లో న్యూట్రాన్ల దెబ్బలు తిని ఆ భారజలంలోనే ట్రిటియం పుడుతుంది. దాని బీటా కిరణం ఎంత బలహీనమంటే మామూలు గైగర్ కౌంటర్‌కు అందదు. మూత్రం పరీక్షిస్తేనే దొరుకుతుంది. పోసినవాడికి ఈ సంగతి కూడా తెలిసే ఉంటుంది.

కైగాలో అధికార ప్రకటనల వరస గుర్తుచేసుకుంటే చాలు. రియాక్టర్‌లో లీకేజీ లేదు. ప్రజలు భయపడాల్సింది లేదు. ఎక్కువమందికి అందిన మోతాదు హద్దు లోపలే. చికిత్స? నీళ్ళు బాగా తాగించి, మూత్రం ఎక్కువ వచ్చే మందులిచ్చి పంపించారు. వైద్యం ప్రకారం సరైన పనే, ట్రిటియం నీటితో పాటే బయటికి పోతుంది. నీళ్ళు తాగి జబ్బుపడ్డవాడికి ఇంకా ఎక్కువ నీళ్ళు తాగమని చెప్పే భాగ్యం మాత్రం అణుశాఖకే దక్కింది. అది అసంతృప్తితో రగిలే లోపలి మనిషి పని కావచ్చని పెద్దలు అనుమానించారు. ఆ అసంతృప్తి దేని మీద, ఎవరి మీద, ఎందుకు అంత దూరం వెళ్ళింది అన్న ప్రశ్న మళ్ళీ మైక్రోక్యూరీల్లో కొలవడానికి వీలుకానిది. ఫలానావాడు చేశాడని ఎవరినీ నిలబెట్టి దేశానికి చూపించిందీ లేదు. కూలర్‌కు కాపలా పెట్టి ఉంటారు. కూలర్ చాలాసార్లు చాలా నేరాలకు శిక్ష అనుభవించింది పాపం.

ఒక్కచోట తేలింది. 1998లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి తనతో తెగతెంపులు చేసుకున్న అమ్మాయి తిండిలో అయొడిన్-125 కలిపాడు. దొరికాడు, కోర్టు దాకా వెళ్ళాడు. అంటే ఇలాంటి నేరం పట్టుకోవడం మానవమాత్రులకు సాధ్యమే. అక్కడ గొడవ ప్రేమ గొడవ. అందరికీ అర్థమయ్యే గొడవ, ఏ సంస్థ పరువూ అందులో ఇరుక్కోలేదు. ల్యాబ్ పెద్దరికం, పేపర్ల పోటీ, గ్రాంటు భయం కలిసిన చోటే ఈశ్వరుడికి చూపు మందగిస్తుంది.

ఈ అనుభవాలన్నిటినీ క్రోడీకరించి ప్రపంచ పరిశోధనాలయాలకు ఒక సర్క్యులర్ పంపితే అందరికీ సౌకర్యంగా ఉంటుంది. ముసాయిదా నేనే రాసి పెట్టాను, సంతకం ఎవరైనా చేసుకోవచ్చు.

ఒకటి. విషం పోయదలచిన సిబ్బంది ఏడాది హద్దుకు లోబడి పోయవలెను. హద్దు మీరినచో సంస్థకు పత్రికా ప్రకటన రాయడం కష్టమగును.

రెండు. విషం తాగిన సిబ్బంది తమ ఒంటిని తాము కొలుచుకోరాదు. అట్లు కొలుచుకొనుట అనుమానాస్పదమగును. కొలుచుకొననిచో విషయం బయటపడదు గనుక సమస్యయే ఉండదు.

మూడు. గర్భవతులైన పరిశోధకులు తమపై విషప్రయోగం జరుగుటకు ముందే నిర్ణీత ఫారంలో గర్భాన్ని ప్రకటించవలెను. పిండం సంతకం అవసరం లేదు.

నాలుగు. దర్యాప్తు సంస్థలు పదార్థం అర్ధాయువు కనీసం యాభైసార్లు గడిచిన పిదప తుది అభిప్రాయమునకు రావలెను. తొందరపాటు శాస్త్రీయ దృక్పథానికి విరుద్ధము.

ఐదు. దోషి దొరకనిచో ఫ్రిజ్‌కు తాళం వేయవలెను. ఫ్రిజ్ తనపై వచ్చిన ఆరోపణలకు సమాధానం ఇచ్చుకొనుటకు పదిహేను రోజుల గడువు కలదు.

ఆరు. అసంతృప్తితో ఉన్న ఉద్యోగుల వివరాలు సేకరించరాదు. సేకరించినచో వారి అసంతృప్తికి కారణాలు కూడా సేకరించవలసి వచ్చును.

నవ్వు వస్తే నవ్వండి. కానీ ఈ ఆరింటిలో కొత్తగా నేను కల్పించినది భాష ఒక్కటే. నడత అంతా ఇప్పటికే అమల్లో ఉన్నదే.

చెయ్యాల్సిన పనులు కష్టమైనవి కూడా కావు. సీసా బయటికి వెళ్ళేటప్పుడు ఎవరి చేతికి వెళ్ళిందో ఆ క్షణాన రాయాలి. మిగిలిన ద్రవాన్ని కొలిచి మరీ తిరిగి పెట్టాలి. అప్పుడు వంద మంది అనుమానితులు నలుగురవుతారు. విషం బయటపడిన రోజే ఆ సంస్థ జీతం తీసుకోని బృందం వచ్చి తలుపులు మూసి, ప్రతి సీసానూ, ప్రతి చెత్తబుట్టనూ, ప్రతి మనిషి మూత్రాన్నీ అప్పటికప్పుడు పరీక్షించాలి. ఎందుకంటే సాక్ష్యానికి పద్నాలుగు రోజుల అర్ధాయువే ఉంది. ఫిర్యాదు చేసిన పరిశోధకుడి వీసా, జీతం, కాంట్రాక్టు దర్యాప్తు ముగిసేదాకా పై అధికారి కలం కిందినుంచి తప్పించాలి. అప్పుడే పక్క బల్లవాడికి నోరు వస్తుంది. ల్యాబ్‌లో పనిచేసే మనుషుల మధ్య ఏం జరుగుతోందో అడిగే మనిషి ఒకడు ఉండాలి. ఆ మనిషికి ఆ ల్యాబ్ పేపర్ల మీద పేరు ఉండకూడదు.

వీటిలో ఒక్కదానికీ కొత్త యంత్రం అక్కర్లేదు. అందుకే జరగవు. కొత్త యంత్రం కావాలంటే గ్రాంటు వస్తుంది, గ్రాంటు వస్తే ప్రారంభోత్సవం ఉంటుంది. మనిషిని మనిషి అడిగే ప్రశ్నకు శంకుస్థాపన ఫలకం ఎవరు వేస్తారు?

ఏళ్ళ తరబడి "ఎంత" అనే ప్రశ్నకు అద్భుతంగా జవాబు చెబుతూ "ఎవరు" అనే ప్రశ్నను దాటవేస్తున్న పెద్దలకు ఒక్క మాట. 600 అయినా, 5 అయినా, మీ పుస్తకాల్లో ఉన్న హద్దులన్నీ తెలిసి చేసే పనికి గీసినవి. తోటి మనిషి అన్నంలో, తాగే నీళ్ళలో దొంగచాటుగా కలిపినదాన్ని ఆ కొలమానం మీద పెట్టి "హద్దులోనే ఉంది" అని ప్రకటించిన క్షణాన, పోసినవాడికి మీరు రసీదు ఇచ్చినట్టే. ఆ నేరానికి అనుమతించిన మోతాదు సున్నా. అది కొలవడానికి మీటరు అక్కర్లేదు. పేరు కావాలి.